కరెంటు పోతే వినపడే గొంతు

కరెంటు పోయినప్పుడే మా వీధికి లోహిత గొంతు వినపడేది.

నగరిలో మా వీధి పొడవునా మరమగ్గాలే. ఇంటికి రెండో, నాలుగో. పొద్దున మొదలైన మోత చీకటి పడినా ఆగదు. మగ్గాల మధ్య మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి, లేకపోతే చేతులతో చెప్పుకోవాలి. ఆ మోతలో పక్క మనిషి ఏం పాడుతున్నా మనకు తెలియదు. అందుకేనేమో, మగ్గాల ఇళ్ళలో అందరూ పాడతారు. గొంతు ఉన్నవాళ్ళూ పాడతారు, లేనివాళ్ళూ పాడతారు. కొందరు పాటలాగే తిట్టుకుంటారు. ఎవరికి వినపడుతుంది కనక.

కరెంటు పోయే క్షణంలో మాత్రం చిక్కు. మోత టక్కున ఆగిపోతుంది, నోట్లో ఉన్న ముక్క వీధిలో వచ్చి పడుతుంది. ఎదురింటి కుప్పయ్య అట్లా ఒకసారి వాళ్ళత్తను ఏదో అంటూ దొరికిపోయాడు. ఆమె గుమ్మంలోనే కూర్చుని కండెలు చుడుతోంది. ఆ వారమంతా అతనికి సంగటి అడుగంటినదే దొరికింది.

కరెంటు పోతే అందరూ నాలుక కరుచుకుంటారు. లోహిత కరుచుకోదు. మొదలుపెట్టిన చరణం పూర్తిచేసే దాకా ఆపదు. మగ్గాల మోత మీదుగా పాడి అలవాటైన గొంతు అది, అంతే ఎత్తున వీధి ఆ కొస దాకా పోతుంది. టీ అంగట్లో వాళ్ళు గ్లాసులు పట్టుకుని ఆగేవాళ్ళు. మగ్గాల మోటార్లు బాగుచేసే పని నాది. ఎవరింట్లో ఉన్నా సరే, కరెంటు పోతే నేను స్పానర్ కింద పెట్టేసేవాణ్ణి.

లోహిత మునిరామయ్య కూతురు. ఇంటర్ తరవాత చదువు మానేసి మగ్గాల దగ్గరికి వచ్చింది. నాలుగు మగ్గాలు ఒక్కతే చూసుకుంటుంది. మునిరామయ్యకు ముప్పయ్యేళ్ళ మోతకు చెవులు మందగించాయి. తెగిన దారం కంటితో పట్టగలడు గానీ కూతురు పిలిస్తే పలకడు. వాళ్ళకు నూలు ఇచ్చేది ధనశేఖర్. మేమంతా మొదలాళి అంటాము. నూలుకు రంగులేసే ఫ్యాక్టరీ ఆయనదే, నేతకు ఇచ్చేదీ ఆయనే, నేసిన గుడ్డ తీసుకునేదీ ఆయనే. ఆయన నూలు ఆగితే మా వీధిలో సగం మగ్గాలు ఆగుతాయి.

ఆ ఫ్యాక్టరీ నీళ్ళు యాడికి పోతాయో ఎవరూ గట్టిగా అడగరు. భూమిలోకే పోతాయి. మళ్ళీ మా బోర్లలోకే వస్తాయి. ఒక పొద్దు పంపు కొడితే పసుపు, ఇంకో పొద్దు నీలం. ఫ్యాక్టరీలో ఈ వారం ఏ రంగు నూలు తీస్తున్నారో మా ఆడవాళ్ళు బిందె చూసి చెప్పేవాళ్ళు. నవ్వుతూ చెప్పేవాళ్ళు. ఆ నవ్వే లోహితకు ఒళ్ళు మండించింది. దాని మీద పాట కట్టింది.

"ఏం రంగమ్మా ఈ పొద్దు మా బోరు నీళ్ళు
ఎవరింటి పెండ్లికమ్మా ఆ పట్టు సీరలు
పసుపైతే పప్పులోకి, ఎరుపైతే పులుసులోకి
నీలమైతే యాడికమ్మా, నా బిడ్డ పాలలోకా"

చదివితే ఇది నాలుగు వరుసలే. వింటే వేరు. నాలుగు మగ్గాలకు నాలుగు దెబ్బలు. ఒకటి కొంచెం ముందు పడుతుంది, ఒకటి వెనకపడుతుంది. ఎప్పుడో ఒకసారి నాలుగూ కలిసి ఒకే దెబ్బ కొడతాయి. లోహిత పాట ఆ దెబ్బ కోసం కాచుకుని ఉంటుంది. ప్రతి వరుస చివరి మాటను ఆ దెబ్బ మీదే వేస్తుంది. అది పడేదాకా ముందు మాటను సాగదీస్తూ పట్టుకుంటుంది. ఎవరు నేర్పారో అడిగాను. మగ్గమే కదా మామా, అంది.

ఒకసారి కరెంటు పోయినప్పుడు ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. తిరుపతిలో విజయ్ కుమార్ అనే అతను అది చూశాడు. జానపద పాటల చానల్ నడుపుతాడు, సొంత స్టూడియో ఉంది. వచ్చి పాడమని కబురు చేశాడు. పిల్లను ఒంటరిగా పంపలేక మునిరామయ్య నన్ను తోడు పంపించాడు. పుత్తూరు మీదుగా బస్సులో వెళ్ళాము. దారంతా లోహిత కిటికీకి తల ఆనించి పెదాలు కదిలిస్తూనే ఉంది.

స్టూడియో ఒక మేడ మీద, గోడలకు పరుపులు అంటించిన చిన్న గది. తలుపు వేస్తే బయట ప్రపంచం ఉన్నట్టే ఉండదు. లోహిత నోరు తెరిచి మొదటి వరుస పాడగానే అవతలి గదిలో విజయ్ కుమార్ చెవులకున్నవి లాగేశాడు. మెల్లగా పాడమన్నాడు, మైకు ఉంది కదా అన్నాడు. మెల్లగా పాడితే తనకే వినపడదని లోహిత చెప్పింది. తరవాత కంప్యూటర్‌లో తాళం పెట్టాడు. టక్, టక్, టక్, ఒక్క వెంట్రుక తేడా లేకుండా. ఆ పిల్ల ఆ టక్‌ను పట్టుకోలేక నాలుగుసార్లు తప్పింది. అది ఒంటికాలి మీద నడిచినట్టుందని చెప్పింది.

విజయ్ కుమార్‌ను మెచ్చుకోవలసింది ఇక్కడొకటి ఉంది. విసుక్కోలేదు. ఆ తరవాతి ఆదివారం తనే నగరి వచ్చి, నాలుగు మగ్గాల మధ్య చిన్న యంత్రం పెట్టి ఆ మోతను పట్టుకుపోయాడు. మమ్మల్ని మళ్ళీ తిరుపతికి పిలిపించి దాని మీద పాడించాడు. ఈసారి ఒకే తడవలో వచ్చేసింది. గాజు అవతల అతను కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

పాట అయ్యాక, మైకు ఇంకా తీయకముందే అడిగాడు. "ఎవరు కట్టినారమ్మా ఈ పాట?"

లోహిత నా వైపు చూసింది. "పాతది సార్. మా అవ్వోళ్ళు పాడుకునేవాళ్ళు. ఎవరు కట్టినారో తెలీదు."

తిరుగు బస్సులో, నేను అడగకముందే తనే చెప్పింది. నాది అంటే రేపు మొదలాళి నాయనను పిలిచి అడుగుతాడు. పాతదంటే ఎవరిని అడుగుతాడు, పోయిన అవ్వను అడుగుతాడా. పాడింది లోహిత అని పేరు వేస్తానన్నాడు విజయ్ కుమార్ సారు, అది చాలు మామా, అంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల తన కన్నబిడ్డను దారిలో దొరికిందని చెప్పుకుని ఇంటికి వస్తోంది. ఎందుకంటే ఆ బిడ్డ మొదలాళిని తిడుతోంది.

తరవాత చాలా రోజులు ఏ కబురూ లేదు. గంగమ్మ జాతర జరిగే ఆడి నెలకు ముందు, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అలవాటు ప్రకారం వీధంతా చెవులు రిక్కించింది. లోహిత ఆ పాటలోనే ఉంది. సరిగ్గా అప్పుడే టీ అంగడి ముందు ఆగిన ఆటోలోంచి అదే పాట వచ్చింది. అదే ఎత్తు, అదే సాగదీత, కింద మా నాలుగు మగ్గాల మోతే, దానిమీద డ్రమ్ములు. మాటలు మాత్రం వేరు.

"ఏం రంగే పిల్లా ఈ పొద్దు నీ చీర
ఎవరింటి పెండ్లికే ఈ వయ్యారం"

గొంతు కూడా వేరు. పలచగా, తియ్యగా, ముక్కులోంచి కొంచెం నవ్వుతున్నట్టు. లోహిత పాట మధ్యలో ఆపడం నేను వినడం అదే మొదటిసారి. బయటికి వచ్చి ఆటో పక్కన నిలబడి చివరిదాకా విన్నది. డ్రైవరు ఫోన్ చూపించాడు. గానం: భానుప్రియ. సేకరణ: విజయ్ కుమార్. లక్షల మంది చూశారు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు చీర కొంగులు తిప్పుతూ ఆడుతున్న వీడియోలు వరసగా ఉన్నాయి.

అక్కడే, నా ఫోన్ తీసుకుని విజయ్ కుమార్‌కు కొట్టింది. స్పీకర్‌లో పెట్టింది.

"సార్, నా పాట ఏం చేసినావు?"

అతను బాగానే మాట్లాడాడు. నీళ్ళూ రోగాలూ అంటే ఎవరూ రెండోసారి వినరన్నాడు. రాగం బంగారం, దాన్ని నేను నలుగురిలోకి తెచ్చినాను, సంతోషించాల్సింది పోయి, అన్నాడు. గొంతు కొంచెం మొరటుగా ఉంది కాబట్టి మార్చాల్సి వచ్చిందన్నాడు. అయినా జానపదానికి యజమాని ఎవరమ్మా, నువ్వే కదా పాతదని చెప్పినావు, ఆ మాట రికార్డులోనే ఉండాది, కావాలంటే పంపిస్తా, అన్నాడు.

"సేకరణ అని ఏసినావే," అంది లోహిత. "పోయినోళ్ళ పాటలు సేకరిస్తారు సార్. నేను బతికే ఉండాను. నీ ఎదురుగానే నిలబడి పాడినాను."

అతను పెట్టేశాడు. ఆ పిల్ల ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. కరెంటు వచ్చింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారిగా లేచాయి.

ఆ రోజు నుంచి లోహిత పాడటం మానేసింది. కరెంటు పోయేది, మోత ఆగేది, వీధిలో ఏమీ ఉండేది కాదు. ఎక్కడో బిడ్డ ఏడుపు, పంపు కొట్టే చప్పుడు. టీ అంగట్లో వాళ్ళు కొన్నాళ్ళు గ్లాసులు పట్టుకుని ఆగి, తరవాత మానుకున్నారు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం చెంప మీద కొట్టినట్టుండేది. మోటారు చూడటానికి వెళితే లోహిత దవడలు బిగించి మగ్గాల మధ్య తిరుగుతూ ఉండేది. దారం ముడి వేసేటప్పుడు కొసను పంటితో తెంపేది, మనిషి గొంతు తెంపినట్టు. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. విజయ్ కుమార్ మీదా, మొదలాళి మీదా, పంపు దగ్గర నవ్వే మా వీధి మీదా వచ్చేది. పాట దొంగిలించినవాడికి ఒళ్ళు మండే పాటకు చీర చుట్టడం వచ్చు. పాట కట్టిన పిల్లకు నాది అనడం రాదు. రాకుండా చేసింది ఎవరు మరి.

ఆడి నెలలో గంగమ్మకు అంబలి పోస్తారు. రాగి అంబలి పెద్ద గంగాళాల్లో కాచి గుడి ముందు పెడితే, మధ్యాహ్నం నుంచి ఇంటికొకరు సొంబు పట్టుకుని వరసలో నిలబడతారు. ఈ ఏడు స్టేజీ వేసి ఆర్కెస్ట్రా పెట్టించింది ధనశేఖర్. పిలిపించింది విజయ్ కుమార్ బృందాన్నే, ఆ చీర పాట కోసమే. విజయ్ కుమార్ లోహితకు మనిషిని పంపించాడు. వచ్చి భానుప్రియ పక్కన నిలబడి వెనక పాట అందుకుంటే ఊరి పిల్ల అని చప్పట్లు కొడతారట. మునిరామయ్యకు సంగతేమీ తెలియదు. కూతురు పాడింది పాత పాటే అనుకుంటున్నాడు. పో పాపా, మొదలాళి సంతోషపడతాడు, అన్నాడు. లోహిత వెళ్ళింది. పాడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు ఉన్న పిల్ల ఎందుకు ఒప్పుకుందో నాకు అర్థం కాలేదు. నిలబడి చూద్దామనుకున్నానని తరవాత చెప్పింది. నా పాట ఎట్లా నవ్వుతుందో దగ్గరి నుంచి చూద్దామని.

ఊరికే చూసి వచ్చేసేదేమో. కానీ పాటకు ముందు మైకులో ఒకాయన ధన్యవాదాలు చెప్పాడు. స్టేజీకి, లైట్లకు, ఆర్కెస్ట్రాకు. చివర, "ఈ పొద్దు అంబలి కాచేదానికి మంచినీళ్ళ ట్యాంకరు ఉచితంగా పంపించిన మన ధనశేఖర్ గారికి గంగమ్మ తల్లి ఆశీస్సులు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ధనశేఖర్ చేతులు జోడించాడు.

స్టేజీ మీద లోహిత ముఖం నాకు కనపడుతూనే ఉంది. చప్పట్లు కొట్టేవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. చివర ట్యాంకరును చూసింది.

భానుప్రియ మొదటి చరణం పాడింది. చిన్న పిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయేమో. రెండోదానికి నవ్వుతూ మైకు లోహిత వైపు పట్టింది. లోహిత మైకు చేతిలోకి తీసుకుంది.

"ఈ పాట పాతది కాదు. మా అవ్వ కట్టలేదు. నేను కట్టినాను. నా పేరు లోహిత, మునిరామయ్య కూతుర్ని."

పాడింది. ఏం రంగమ్మా ఈ పొద్దు మా బోరు నీళ్ళు. వాయించేవాళ్ళకు తెలియలేదు, రాగం అదే కదా, డ్రమ్ములు కొడుతూనే ఉన్నారు. ఎవరింటి పెండ్లికమ్మా దాకా వచ్చేసరికి ధనశేఖర్ పక్కనున్న మేనేజరు లేచి చెయ్యి ఊపాడు. మైకు సెట్టు అతను వైరు లాగేశాడు. అదీ చాలదని జనరేటరు ఆపారు. స్పీకర్లు, డ్రమ్ములు, ట్యూబులైట్లు అన్నీ పోయాయి.

వాళ్ళు మా వీధివాళ్ళయితే ఆ పని చేసేవాళ్ళు కాదు. కరెంటు తీస్తే ఆగిపోయే గొంతు కాదది.

లోహిత మైకు ఆగిన సంగతి గమనించనే లేదు. అదే ఎత్తున, పసుపైతే పప్పులోకి అని పాడుతూ పోయింది. నలభై రోజులు మింగిన పాట అది. రాగం పగిలి, అంచులు తేలి వచ్చింది. గంగాళాల దగ్గర అంబలి పోసే సుబ్బులమ్మ గరిటె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పెట్టుకుని నిలబడిపోయింది. గుడి మెట్ల దాకా, ట్యాంకరు దాకా ప్రతి మాటా వినపడింది. నీలమైతే యాడికమ్మా అని పాడి, మగ్గం దెబ్బ కోసం ఆగింది. దెబ్బ లేదు. ఆ ఖాళీలో వరసలోంచి ఒక ఆడమనిషి మాట వచ్చింది.

"నీలమే. మా ఇంట్లో ఈ పొద్దు నీలమే."

"మాకు ఎరుపు," అంది ఇంకొకామె. అది నవ్వుతూ అనలేదు.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భానుప్రియ చేతులు కట్టుకుని తల దించుకుని ఉంది. "నాకూ పాతదనే చెప్పినారక్కా," అని మెల్లగా అన్నది. విజయ్ కుమార్ కీబోర్డు వెనక వైర్లు చుట్టుకుంటున్నాడు, చుట్టినవే మళ్ళీ విప్పి చుడుతున్నాడు.

ధనశేఖర్ కోప్పడలేదు. అది ఆయన పద్ధతి కాదు. నేరుగా మునిరామయ్య దగ్గరికి వచ్చి, చెవి మందమని తెలుసు కాబట్టి అందరికీ వినపడేటట్టు అన్నాడు. "నీ కూతురు బాగా పాడతాది మునిరామా. రేపటి నుంచి నూలు పంపనులే. పాటతోనే నేసుకోండి."

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి మునిరామయ్య అరుగు మీద కూర్చున్నాడు. లోహిత గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ దీపం వేయలేదు. కూతుర్ని కొడతాడేమోనని నాకు భయం వేసింది. ఆయన ముఖం అట్లా ఉంది.

"నువ్వే కట్టినావా?" అన్నాడు.

తల ఊపింది.

"మరి పాతదని ఎందుకు చెప్పినావు?"

"నీ నూలు కోసమే నాయనా."

ఆయన లేచి నిలబడ్డాడు. చెవులు మందమైనవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. వీధంతా వినపడింది.

"నేనడిగినానా? నన్ను అడ్డం పెట్టుకొని నీ పాటను అనాథను చేయమని నేనడిగినానా? వాడు తీసుకుపోయింది తరవాత. ముందు పారేసింది నువ్వు. నా పేరు చెప్పి పారేసినావు."

లోహిత ఏడవలేదు. "అవును నాయనా," అంది. ఆయన లోపలికి పోయి సంగటి పెట్టమని అడిగాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో ఇద్దరూ తిన్నారు, అది నాకు తెలుసు. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, అదీ తెలుసు.

నూలు నిజంగానే ఆగింది. తిరుత్తణి పక్క నుంచి ఒకాయన ఇచ్చిన నూలుతో రెండు మగ్గాలే నడిపారు. మిగతా రెండూ పడుగు లేకుండా ఉత్త చట్రాలుగా నిలబడ్డాయి. వీధిలో కొందరు లోహిత ముఖం చూడటం మానేశారు. ఇంకొందరు మాత్రం బాటిళ్ళలో బోరు నీళ్ళు పట్టి గుమ్మాల్లో వరసగా పెట్టారు, పసుపు, ఎరుపు, నీలం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అధికారులు వచ్చి ఒకటి తీసుకుపోయారు, ఇంకా ఏ మాటా చెప్పలేదు. విజయ్ కుమార్ చానల్‌లో సేకరణ అనే మాట ఇప్పటికీ అట్లే ఉంది. ఈడ అన్యాయం ఒక పాటతో కూలిపోదు. కూలిపోయినట్టు రాస్తే నేను అబద్ధం రాసినట్టు.

పోయిన నెల లోహిత పాటను మళ్ళీ రికార్డు చేసింది. స్టూడియో లేదు, నా ఫోనే. మగ్గాల గదిలో దూలానికి కట్టాము. మొదలుపెట్టి ఒక వరుస పాడి ఆపేసింది. మళ్ళీ పాడి మళ్ళీ ఆపింది. ముఖం ఎర్రబడింది. రెండు మగ్గాలే తిరుగుతున్నాయి కదా, నాలుగు కలిసి కొట్టే దెబ్బ రావడం లేదు. పాట కూర్చునే చోటు లేదు. కోపంతో చేతిలోని నాడెను, దారం మోసే ఆ కొయ్యముక్కను, విసిరేయబోయింది.

మునిరామయ్య గుమ్మంలోంచి చూస్తున్నాడు. ఆయనకు ఏం వినపడిందో ఏమో గానీ, కూతురు ఖాళీ మగ్గాల వైపు చూడటం కనపడింది. మా మగ్గాల ఇళ్ళలో ఉత్త మగ్గం తిప్పరు. పడుగు లేకుండా తిప్పితే ఇంటికి మంచిది కాదంటారు, మగ్గం కూడా పాడవుతుంది. ఆయన ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పి ఉండడు. వచ్చి, చెప్పులు విడిచి, ఆ రెండు చట్రాలనూ చేత్తో ఒకసారి తాకి, రెండింటి స్విచ్చులూ వేశాడు. దారం లేని మగ్గాలు గట్టిగా, పిచ్చిగా కొట్టుకున్నాయి. నాలుగు దెబ్బలయ్యాయి.

నేను ఫోన్ నొక్కి చెయ్యి ఊపాను. లోహిత ముందు పేరు చెప్పింది.

"ఆగు," అన్నాడు మునిరామయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "నాకు వినపడల. మళ్ళీ చెప్పు."

"ఈ పాట కట్టింది లోహిత," అంది ఆ పిల్ల, మగ్గాల మోత మీదుగా. "పాడింది లోహిత."

ఆయన తల ఊపి గోడ పక్కన కూర్చున్నాడు. పాటకు ముందు ఆ రెండు మాటలూ రికార్డులో ఉన్నాయి, మునిరామయ్యవీ, ఆ పిల్లవీ. తీసేద్దామా అని అడిగితే లోహిత నన్ను కోపంగా చూసింది.